తీరం ఎక్కడ దాటుతుందో...

'బంగాళాఖాతంలో అల్పపీడనం...'

టీవీలో ఈ ముక్క వినపడగానే కోస్తాలో గుండెలు గుబగుబలాడతాయి. వేటకెళ్లిన పడవల కోసం చూపులు సముద్రం మీదికి పోతాయి. కళ్లాల్లో వడ్ల రాశుల మీద పట్టాలు కప్పుతారు. దివిసీమలో అయితే 1977 నవంబరు 19ని తలుచుకోని ముసలివాళ్లు ఉండరు.

సరిగ్గా అదే వార్త చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇంకోలా చెవిన పడుతుంది. వసారాలో నులకమంచం మీద నడుం వాల్చిన అవ్వ లేచి కూర్చుంటుంది. సెల్‌ఫోన్లో తల దూర్చిన మనవణ్ని కేకేస్తుంది.

"ఏరా అబ్బోడా, యాడ దాటతాదంట?"

"మచిలీపట్నం కాడంట అవ్వా" అంటే, "అయితే మనకేమొస్తాది?" అని మళ్లీ పడుకుంటుంది. ఒంగోలన్నా అంతే. "నెల్లూరికీ మద్రాసుకీ నడాన" అని చెబితే మాత్రం కొంగు బిగిస్తుంది. బయటున్న కట్టెలు లోపలికొస్తాయి. మిద్దె మీద ఆరబోసిన చెనక్కాయలు గోతాల్లోకి ఎక్కుతాయి. దూడను కొట్టంలోకి మార్చడం, పైకప్పు కారే చోట బిందె పెట్టడం... ఇల్లంతా పెళ్లి హడావుడి.

ఆ అవ్వ బడి మొహం చూసి ఉండదు. కానీ ఆమె అడిగింది ఆషామాషీ ప్రశ్న కాదు. ఏటా నవంబరులో దక్షిణ రాయలసీమ గురించి వాతావరణ శాఖ వాళ్లు తలలు పట్టుకునేదీ ఆ ప్రశ్న దగ్గరే. అల్పపీడనం ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి. ఎక్కడన్నది ముందు!

పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి కురిసే వాన తొమ్మిది వందల మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. రాష్ట్రంలో చాలా జిల్లాలకు ఇందులో సింహభాగాన్ని జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలే ఇచ్చేస్తాయి. చిత్తూరు సంగతి అలా కాదు. నైరుతి ఎంత ఇస్తుందో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనం కూడా దాదాపు అంతే ఇస్తుంది. ఇవ్వాలి. అది ఎగ్గొట్టిన ఏడాది బోర్లు అడుగంటుతాయి. సత్యవేడు, నాగలాపురం వైపున్న తూర్పు మండలాలకు ఈ చలికాలపు వానలే పెద్ద దిక్కు. మదనపల్లె, తంబళ్లపల్లె లాంటి పడమటి మండలాల్లో తొలకరిని నమ్ముకుని వేరుసెనగ వేస్తారు. కానీ అక్కడా చెరువు నిండాలంటే మాత్రం తూర్పు నుంచి రావాల్సిందే. 2022 ఏప్రిల్లో జిల్లా ముక్కలైంది గానీ, మబ్బులకు ఆ సరిహద్దులు ఎవరూ చెప్పలేదు.

మరి నైరుతి ఎందుకు చిన్నచూపు చూస్తుంది? అది వచ్చే దారి అలాంటిది. అరేబియా సముద్రం మీద తడి తాగి వచ్చిన గాలి పడమటి కనుమలను గుద్దుకుని తన నీళ్లలో చాలా భాగాన్ని మంగళూరు వైపే దించేస్తుంది. కొండ దిగి కర్ణాటక పీఠభూమి దాటి చిత్తూరు చేరేసరికి దాని బిందె సగానికి సగం ఖాళీ. జులైలో తిరుపతి ఆకాశం చూడండి. మబ్బులు పడమటి నుంచి వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. ఒక్క చుక్క రాలదు.

ఆ నెలల్లోనూ బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుడతాయి. కానీ అవి ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాల దగ్గర పుట్టి వాయవ్యంగా వెళ్లిపోతాయి. ఉత్తరాంధ్ర తడుస్తుంది, తెలంగాణ తడుస్తుంది. చిత్తూరుకు అది పక్కింట్లో పెళ్లి. మేళం వినపడుతుంది, విస్తరి పడదు.

అక్టోబరు వచ్చేసరికి కథ మారుతుంది. సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు. ఆయన వెంట వానల పట్టీ కూడా కిందికి దిగుతుంది. ఉత్తర భారతంలో నేల చల్లబడి, ఆ పైనున్న గాలి బరువెక్కుతుంది. దీన్నే అధిక పీడనం అంటారు. బంగాళాఖాతంలో నీళ్లేమో ఇంకా వెచ్చగానే ఉంటాయి. గాలి ఎప్పుడూ బరువున్న చోటు నుంచి తేలిగ్గా ఉన్న చోటికే పోతుంది కాబట్టి అక్కడి గాలి సముద్రం మీదికి దిగి, తడి తాగి, ఈశాన్యం నుంచి తమిళనాడు, దక్షిణాంధ్ర తీరాలను తాకుతుంది. అయితే ఊరికే తాకినంత మాత్రాన వాన కాదు. ఆ తడినంతా ఒకచోటికి పోగుచేసి పైకెత్తే మేస్త్రీ ఒకడు కావాలి. ఆ మేస్త్రీయే అల్పపీడనం.

గాలికి బరువేమిటి అనిపించవచ్చు. తిరుపతిలో ఇళ్ల స్థలాలను అంకణాల్లో కొలుస్తారు. ఒక అంకణం అంటే 36 చదరపు అడుగులు. ఆ కాస్త జాగా మీద, అక్కణ్నుంచి ఆకాశం చివరిదాకా నిలబడిన గాలి బరువు ముప్పై టన్నులకు పైమాటే! అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతోంది కాబట్టి మనకు తెలియడం లేదు. అంత బరువులో ఓ మోస్తరు వాయుగుండం తగ్గించేది ఎంత? నాలుగైదు మిల్లీబార్లు. మన అంకణం లెక్కలో రెండు బస్తాల వడ్ల బరువు. అంతే!

ఇంకో విచిత్రం. అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టి తిరుమల చేరిన భక్తుడు తన ఒంటి మీద తగ్గించుకునే గాలి ఒత్తిడి డెబ్బై మిల్లీబార్లకు అటూ ఇటూ. అంటే పదిహేను వాయుగుండాల పెట్టు. బస్సులో వెళ్తుంటే కనుమ మలుపుల్లో చెవులు దిబ్బడ పడేది, పిల్లల చేతుల్లో చిప్స్ పొట్లం బూరెలా పొంగేది అందుకే. మరి గోవిందనామాలు చెప్పుకుంటూ రెండు మూడు గంటల్లో దాటేసే తేడా కొండ మీద ఏ ఉపద్రవమూ తేవడం లేదే, అందులో పదిహేనో వంతు సముద్రం మీద ఏర్పడితే ఊళ్లు ఎందుకు మునుగుతాయి?

పైకి పోతే ఒత్తిడి తగ్గడం సహజం. దాన్ని భూమి ఆకర్షణ సరిచేసి ఉంచుతుంది. అదే, ఒకే ఎత్తులో అడ్డంగా తేడా వచ్చిందంటే దాన్ని పూడ్చడానికి చుట్టూ వందల కిలోమీటర్ల గాలి కదలాల్సిందే. కదిలిన గాలి తిన్నగా వెళ్లలేదు. భూమి తిరుగుతోంది కదా, మన అర్ధగోళంలో అది కుడిపక్కకు లాగేస్తుంది. దాంతో గాలి ఆ గుంట చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుళ్లు తిరుగుతూ లోపలికి వస్తుంది. అన్ని వైపుల నుంచీ వచ్చినది ఎక్కడికి పోవాలి? పైకి! పైకెళ్లి చల్లబడుతుంది, తడి నీళ్లవుతుంది. ఆవిరి నీరైనప్పుడు వెలువడే వేడి ఆ గాలిని మరింత పైకి తోస్తుంది. ఈ తిరగలి సముద్రం మీద ఉన్నంతసేపూ మేత దొరుకుతూనే ఉంటుంది.

ఈ సుడి తిరిగే తీరులోనే అవ్వ ప్రశ్నకు జవాబుంది.

సుడి చెన్నై దగ్గర తీరం దాటుతోందనుకోండి. తిరుపతి దానికి వాయవ్యంగా ఉంటుంది. ఆ పక్కన సుడిగాలి వీచేది ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి. అంటే సముద్రం మీది తడిగాలి నేరుగా భూమి మీదికి వస్తుంది. డెబ్బై ఎనభై కిలోమీటర్లు చదునైన నేల మీద పరుగెత్తి... ఎదురుగా శేషాచలం! గోడలా నిలబడిన కొండను గాలి ఎక్కక తప్పదు. ఎక్కితే చల్లబడక తప్పదు. చల్లబడితే కురవక తప్పదు. సుడి సొంతంగా ఇచ్చే వాన ఒకటి, కొండ పిండే వాన ఇంకొకటి.

అదే సుడి మచిలీపట్నం దగ్గర దాటితే? అప్పుడు తిరుపతి దానికి నైరుతిలో మిగిలిపోతుంది. ఆ పక్కన గాలి వీచేది పడమర నుంచి, వాయవ్యం నుంచి. నేల మీద నుంచి వచ్చే పొడిగాలి! ఉన్న మబ్బును కూడా తుడిచిపెట్టేస్తుంది. అందుకే "మనకేమొస్తాది?" అనేది.

అవ్వ లెక్క కూడా ఒక్కోసారి తప్పుతుంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. సూత్రం ప్రకారం తిరుపతికి ఏమీ రాకూడదు. కానీ అది అంతకు ముందు రెండు రోజులు చెన్నై ఎదురుగా సముద్రంలో తచ్చాడి, తీరం పక్కపక్కనే పైకి పాకింది. ఆ పాకుడులోనే తిరుపతి జిల్లా తూర్పు మండలాలు నీళ్లపాలయ్యాయి. దాటిన చోటే కాదు, దాటబోయే ముందు ఎక్కడ తీరిగ్గా నించుందన్నదీ చూసుకోవాలన్నమాట.

తుపానుకు ఇంగ్లిషులో వాడే 'సైక్లోన్' అనే మాట పుట్టింది ఎక్కడో కాదు, కలకత్తాలోనే. 1840లలో అక్కడ పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల వాళ్ల లాగ్ పుస్తకాలు తిరగేసి, ఈ గాలివానలు చుట్టలు చుట్టుకుని ఉంటాయని గమనించి ఈ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దానికి మూలం 'పాము చుట్ట' అని అర్థం వచ్చే మాట. ఆదిశేషుడే చుట్టలు చుట్టుకుని కొండగా వెలిశాడని నమ్మే ఊరికి, ఏటా కార్తీకంలో సముద్రం మీంచి ఇంకో పాము చుట్ట వచ్చి ఆనుకుంటుంది. పిడింగ్టన్‌కు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు గానీ, తెలిస్తే సంతోషించేవాడే.

పదో తరగతి దాటిన పిల్లలు ఇంకో మాట అడుగుతారు. పుస్తకాల్లో 'ఫ్రంట్' అని ఉంటుంది. నీలం త్రికోణాలు, ఎర్రటి అర్ధచంద్రాలు గుచ్చిన గీతలు. మన టీవీ పటంలో అవెందుకు కనపడవు? ఎందుకంటే ఆ సరుకు చలిదేశాలది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో నార్వేకు బయటి దేశాల వాతావరణ కబుర్లు ఆగిపోయాయి. విధిలేక విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్, ఆయన కొడుకు జాకబ్, వాళ్ల శిష్యులు బెర్గెన్ పట్నంలో కూర్చుని సొంతంగా దట్టంగా పరిశీలన కేంద్రాలు పెట్టుకున్నారు. ధ్రువాల చల్లగాలి, దక్షిణపు వెచ్చగాలి ఒకదానికొకటి ఎదురుపడి, కలవకుండా తోసుకునే సరిహద్దు ఒకటుందని కనిపెట్టారు. అప్పుడు నోళ్లలో నానుతున్న మాట యుద్ధరంగమే కాబట్టి దానికీ 'ఫ్రంట్' అనే పేరు పెట్టేశారు. లండన్లో వాన, న్యూయార్క్‌లో మంచు చాలావరకు ఈ పోట్లాట ఫలితాలే.

తిరుపతిలో అలాంటి యుద్ధానికి ఒక పక్షమే లేదు. ఇక్కడ చల్లగాలి అన్నది ఉంటే కదా! చలికాలం పొద్దున హార్సిలీ హిల్స్ మీద దుప్పటి కప్పుకునే చలి వేరు, ధ్రువం నుంచి దిగివచ్చే చలి వేరు. ఈ నేలకు ఫ్రంట్ వరస అయ్యేది ఏదైనా ఉందంటే అది సముద్రపు గాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పగలంతా ఉడికిపోయి, సాయంత్రానికి తూర్పు నుంచి చల్లటి గాలి ఒకటి లోపలికి చొచ్చుకొస్తుంది. పడమటి గాలికీ దానికీ ఎక్కడ తల తగిలితే అక్కడ మబ్బు గుమ్మటంలా లేస్తుంది. గంటసేపు ఉరుములు, మెరుపులు, కరెంటు కోత, వీధిలో మోకాటి లోతు నీళ్లు. లీలామహల్ సెంటర్లో కుండపోత, రేణిగుంటలో ఎండ! నైరుతి కాలంలో తిరుపతికి దక్కే వానలో ఇలాంటి సాయంత్రపు వాటా తక్కువేమీ కాదు. ఆ వానతో మొక్క బతుకుతుంది. చెరువు నిండదు.

ఈ గాలుల గుట్టు తెలుసుకోవడానికి దేశం ఏరికోరి చిత్తూరు జిల్లానే ఎంచుకుంది. తిరుపతి నుంచి పాకాల వైపు వెళ్తే గాదంకి వస్తుంది. చుట్టూ కొండలు. మధ్యలో నాలుగెకరాల జాగాలో 1024 యాంటెన్నాలు ఆకాశంలోకి చూస్తూ నిలబడి ఉంటాయి. 1990ల తొలినాళ్ల నుంచి పనిచేస్తున్న ఈ రాడార్ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. రేపు వాన వస్తుందా అని అక్కడికెళ్లి అడిగితే లాభం లేదు, ఆ పని వాతావరణ శాఖది. గాదంకి చూసేది నెత్తి మీద నిట్టనిలువుగా. ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో అది చెబుతుంది. కింద పడమటి గాలి వీస్తున్న వానాకాలంలోనే, పదహారు కిలోమీటర్ల ఎత్తున సరిగ్గా దానికి ఎదురుగా తూర్పు గాలి గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకుపోతుంటుంది. పొలంలో కలుపు తీస్తున్న మనిషి నెత్తి మీద ఇంత వ్యవహారం నడుస్తోందంటే ఎవరు నమ్ముతారు!

ఎంత తెలిసినా 2021 నవంబరు మాత్రం ఊరిని ఉలిక్కిపడేలా చేసింది.

దీపావళి వెళ్లి వారం. నవంబరు 11 సాయంత్రం ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. అవ్వలందరూ కోరుకునే చోటే! వాన దంచింది. నేల తాగాల్సినంత తాగింది. వంకలు పారాయి. చెరువులు నిండాయి. జనం కట్టల మీదికెళ్లి నీళ్లు చూసి మురిసిపోయారు. అక్కడితో ఆగితే అది మంచి సంవత్సరం కిందే లెక్క. కానీ వారం తిరిగేసరికి ఇంకో వాయుగుండం అదే దారి పట్టింది. 19న తెల్లవారుజామున మళ్లీ చెన్నైకి దగ్గర్లోనే తీరం దాటింది. మొదటిది నింపింది. రెండోది పొర్లించింది.

గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ రెండింటికీ పేర్లు లేవు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే వాయుగుండం తుపాను అవుతుంది. మన సముద్రాల్లో తుపాన్లకు 2004 నుంచి పేర్లు పెడుతున్నారు. అంతకు ముందు ఏడాది 2020 నవంబరులో వచ్చిన నివర్‌కు పేరుంది. తర్వాతి ఏడాది డిసెంబరులో మహాబలిపురం దగ్గర దాటిన మాండూస్‌కూ పేరుంది. తిరుపతిని ముంచినదానికి లేదు. పేరు పెట్టేది గాలిని బట్టి. ఊళ్లు మునిగేది నీళ్లతో. పేరు లేదు కదా అని తేలిగ్గా తీసుకునే అలవాటు అప్పటిదాకా చాలామందికి ఉండేది.

18న కార్తీక పౌర్ణమి ఘడియలు. దీపాలు వదలాల్సిన రోజు. కొండ మీద కురిసిన వాన అన్ని లోయల్లోంచీ ఒకేసారి కిందికి దూకింది. ఎప్పుడూ వెండితీగలా జారే కపిలతీర్థం జలపాతం ఎర్రటి బురదనీళ్లతో గర్జించింది. కనుమ దారులు మూసేశారు. అలిపిరి, శ్రీవారి మెట్టు నడకదారులు మూసేశారు. లక్ష్మీపురం, ఆటోనగర్, కొర్లగుంట వైపు వీధులు కాలువలయ్యాయి. ఏడాదిలో పది నెలలు ఇసుక మేటలే కనిపించే స్వర్ణముఖి రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ పారింది. తిరుచానూరు దగ్గర ఒడ్డు కోసుకుపోయి, నిలువెత్తు ఇల్లు ఒకటి ఏటిలోకి ఒరిగిపోయిన దృశ్యాన్ని ఆ రోజు టీవీల్లో చూడనివాళ్లు లేరు. 'స్వర్ణముఖికి ఇన్ని నీళ్లా!' అని ఆశ్చర్యపోయినవాళ్లలో దాని ఒడ్డునే పుట్టి పెరిగినవాళ్లూ ఉన్నారు.

శేషాచలానికి అవతలి పక్క ఇంకా ఘోరం. 19వ తేదీన కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో తెల్లవారుజామున గుడికి బయల్దేరినవాళ్లు, ఇళ్లలో ఉన్నవాళ్లు అని లేకుండా నీళ్లు ఎంతోమందిని లాక్కుపోయాయి.

వాన వెలిసిందనుకున్నాక అసలు గుబులు మొదలైంది. తిరుపతికి దగ్గర్లోని రాయలచెరువు శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే పెద్ద చెరువు. ఏళ్ల తరబడి నిండక, మధ్యలో పచ్చగడ్డి మొలిచే చెరువు. నవంబరు 21 నాటికి నిండుకుండలా ఉన్న ఆ చెరువు కట్టలో ఒకచోట నీరు ఊటలా బయటికి రావడం మొదలైంది. కట్ట కింద ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. గొడ్లను విప్పుకుని, ముసలివాళ్లను మోసుకుని, దొరికిన మూటతో గుట్టల మీదికి, బంధువుల ఇళ్లకు చేరారు జనం. రాత్రింబవళ్లు ఇసుక బస్తాలు పడ్డాయి. నీళ్లను మెల్లగా బయటికి వదిలారు. కట్ట నిలిచింది. వాన కోసం మొక్కుకున్న చేతులతోనే, ఇక చాలు తల్లీ అని మొక్కుకున్న రోజులవి.

ఆ పాపమంతా అల్పపీడనానిదేనా అంటే, సగమే. కొండ నుంచి చెరువుకు, చెరువు నుంచి ఇంకో చెరువుకు, చివరికి ఏటికి... నీళ్లు నడిచే దారులను పూర్వీకులు ముందే గీసిపెట్టారు. ఏళ్ల తరబడి వానలు లేకపోతే ఆ దారులు ఖాళీ జాగాల్లా కనపడతాయి. అంకణం రేటు పెరిగేకొద్దీ ఇంకా అందంగా కనపడతాయి. నీళ్లకు మాత్రం జ్ఞాపకం ఎక్కువ.

కొండ కూడా తొందరగా మరచిపోలేదు. వానలు తగ్గాక, డిసెంబరు 1న తిరుమలకు ఎక్కే కనుమ దారిలో పెద్ద బండ విరిగిపడి రోడ్డు ధ్వంసమైంది. శ్రీవారి మెట్టు దారి ఎంతగా దెబ్బతిందంటే, మళ్లీ భక్తుల కాళ్లు దాని మీద పడేసరికి 2022 మే నెల వచ్చింది. మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటింది. హైదరాబాద్‌లో పప్పులోకి టమాటా వేయాలా వద్దా అని ఆలోచించిన ఇల్లాలికి, బంగాళాఖాతంలో నాలుగైదు మిల్లీబార్లు తగ్గిన ఫలితమే అదని ఎవరు చెబుతారు?

సరే, ఇంత భయపెట్టింది కదా, అల్పపీడనం అసలు రాకపోతేనే మేలా? 2016లో అదీ చూశారు. ఆ ఏడాది ఈశాన్య రుతుపవనం మొహం చాటేసింది. డిసెంబరు 12న చెన్నైని తాకిన వార్దా తుపాను పుణ్యమా అని నాలుగు చినుకులు రాలాయి తప్ప, మిగతా అంతా ఎండే. 2024 ఆగస్టులోనూ అంతే. వానలు లేక, ఉన్న నీళ్లు నూట ఇరవై, నూట ముప్పై రోజులకే సరిపోతాయని, పొదుపుగా వాడుకోమని తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులకు చెప్పాల్సివచ్చింది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార... కొండ మీది జలాశయాలు ఎంత ఉన్నాయో రోజూ చూసుకునే పరిస్థితి. కింద కల్యాణి డ్యాం మీదా అదే బెంగ. అక్టోబరు 17న ఒక వాయుగుండం చెన్నై దగ్గర దాటింది. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర నేలకెక్కి, కదలనని మొండికేసింది. డిసెంబరు మధ్యకు వచ్చేసరికి కొండ మీది జలాశయాలు నిండాయి. మొత్తం లెక్క వేస్తే ఒక యాత్రాస్థలం ఏడాది దాహాన్ని తీర్చింది గట్టిగా పది పదిహేను రోజుల వాన!

ఈ పది పదిహేను రోజులు ఏ ఏడాది వస్తాయో ముందే చెప్పలేరా? వందేళ్ల కిందట ఒకాయన ప్రయత్నించాడు. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్‌కు చేతినిండా లెక్కలే. ప్రపంచం నలుమూలల గాలి ఒత్తిడి అంకెలు తెప్పించుకుని, గుమస్తాల చేత గుణించి భాగించి చూస్తే ఒక వింత బయటపడింది. పసిఫిక్ మహాసముద్రం మీద ఒత్తిడి పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతోంది, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరుగుతోంది. అచ్చం పిల్లలు ఆడే ఊగుడు బల్లలాగా! ఆ బల్ల ఒక పక్కకు ఒరిగి పసిఫిక్ వేడెక్కితే అదే ఎల్‌నినో. దేశమంతా ఆ పేరు వింటే హడలిపోతుంది, నైరుతిని దెబ్బతీస్తుంది కాబట్టి. చిత్తూరు, నెల్లూరు, తమిళనాడులకు మాత్రం అదే ఎల్‌నినో చాలాసార్లు ఈశాన్య వానలను పెంచి పోతుంది. 2015లో అదే జరిగింది. నైరుతి ఏడిపించింది. నవంబరులో ఏళ్లుగా ఎండిన చెరువులు నిండి పొర్లాయి. అలాగని ఎల్‌నినోను పూర్తిగా నమ్ముకోవడానికీ లేదు. ఊరిని ముంచిన 2021లో బల్ల అవతలి పక్కకు ఒరిగి ఉంది!

కాబట్టి నెలల ముందు చెప్పే జోస్యం కన్నా, రెండు రోజుల ముందు తెలిసే కబురే ఇక్కడివాళ్లకు ముఖ్యం. ఇప్పుడు చెన్నైలో రాడార్ ఉంది, శ్రీహరికోటలో రాడార్ ఉంది, పైన ఉపగ్రహాలున్నాయి. మనవడి సెల్‌ఫోన్లో ఎర్రగా, పచ్చగా మబ్బులు కదులుతుంటాయి. కరెంటు పోయి, టవర్ ఆగిపోయినప్పుడు మాత్రం పాత ఉపాయం ఒకటుంది. బైస్ బాలట్ అనే డచ్చి ఆయన 1857లో చెప్పింది. గాలికి వీపు పెట్టి నిలబడితే, మన అర్ధగోళంలో అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. నవంబరులో తిరుపతిలో మిద్దె ఎక్కి చూడొచ్చు. గాలి వాయవ్యం నుంచి వస్తుంటే, వీపు అటు పెడితే ఎడమ చెయ్యి ఈశాన్యాన్ని చూపిస్తుంది. గుంట ఒంగోలు, మచిలీపట్నం వైపు ఉందన్నమాట. ఈశాన్యం నుంచి వస్తుంటే ఎడమ చెయ్యి ఆగ్నేయానికి తిరుగుతుంది. చెన్నై ఎదురుగా, సముద్రంలో.

అవ్వకు వీపు తిప్పే పని కూడా లేదు. మిద్దె మీద తాడుకు ఆరేసిన చీర ఉంది. అది తూర్పుకేసి ఎగురుతున్నంతసేపూ ఆమె చెనక్కాయల జోలికి పోదు. మధ్యాహ్నానికి గాలి పడిపోతుంది. చీర కదలదు. ఉక్కపోత. సాయంత్రం నాలుగింటికి మెల్లగా అంచు లేస్తుంది... ఈసారి చంద్రగిరి కోట కొండ వైపు, పడమటికి.

"ఒరే అబ్బోడా, గోతాలెత్తుకోని పైకి రా. బిరీన రా!"